ఒక బావి, రెండు డిపార్ట్‌మెంట్లు

పన్నెండేళ్ళుగా ఏటా రెండుసార్లు వెళ్ళివచ్చే దారి గురించి ప్రయాణకథ రాయడమేమిటని మా ఇంట్లో నవ్వారు. నవ్వితే నవ్వనీ. కాశీ వెళ్ళినవాళ్ళు రాస్తారు, కాశ్మీరం వెళ్ళినవాళ్ళు రాస్తారు. వికారాబాద్, తాండూరు వెళ్ళివచ్చి రాసినవాళ్ళు నాకైతే కనబడలేదు. పైగా ఈసారి వెళ్ళింది కొలతలకు కాదు, పంచాయితీకి.

సంగతి ముందే చెప్పేస్తాను. నేను యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెబుతాను. మా పై అంతస్తు భూగర్భశాస్త్రం వాళ్ళది. అక్కడ యాదగిరి గారని ప్రొఫెసరున్నారు. పన్నెండేళ్ళ కిందట మేమిద్దరం రెండు డిపార్ట్‌మెంట్ల చేత ఒకే కాగితం మీద సంతకాలు పెట్టించి, పెద్దేముల్ దగ్గర ఒక రైతు చేనులో పని మొదలుపెట్టాం. బావిలో నీళ్ళ లోతు వాళ్ళు చూడాలి. బావి పక్కన, నీళ్ళు కట్టకుండా వాన మీదే పెంచే కందిసాళ్ళు మేం చూడాలి. అడుగున నీళ్ళు తగ్గితే కంది ఎలా తట్టుకుంటుంది, ఎన్నాళ్ళు తట్టుకుంటుంది అన్నది ప్రశ్న. ఏడాదికో రెండేళ్ళకో తేలే ప్రశ్న కాదు కాబట్టి ఓపిగ్గా ఉండాలని ఆ రోజు ఒకరికొకరం గట్టిగా చెప్పుకున్నాం.

పదేళ్ళు బాగానే ఉన్నాం. రెండేళ్ళ నుంచే బావికీ కందికీ మాట కలవడం లేదు. నీళ్ళు మూరన్నర కిందికి పోయాయని బావి లెక్క. అదే నిజమైతే కంది వాడాలి, ఆకు రాల్చాలి. అదేమో పచ్చగా, నవనవలాడుతూ ఉంది. "మీ స్టూడెంట్లకు టేపు పట్టడం రాదు" అని నేను. "మీ మొక్కలకు బాగ నీలుగుడెక్కింది" అని ఆయన, అంటే పొగరెక్కిందని. మాటా మాటా పెరిగి, ఏడాదిగా మా మధ్య మెయిళ్ళే తప్ప మాటల్లేవు. చివరికి ఇద్దరు హెడ్లూ కలిసి ఒక మాట అన్నారు. ఇద్దరూ వెళ్ళి తేడా ఎక్కడుందో తేల్చుకురండి, తేలకపోతే వచ్చే ఐదేళ్ళకు సంతకాలుండవు, ఎవరి పని వాళ్ళు చేసుకోండి అని. అంటే పన్నెండేళ్ళ పని సగం మా బీరువాలో, సగం వాళ్ళ బీరువాలో పడి ఉంటుందన్నమాట. కంది లేని బావి లెక్కా, బావి లేని కంది లెక్కా ఎవరికి పనికొస్తాయి? నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. ఆ భయంతోనే రైలెక్కాను.

వికారాబాద్: గంపెడు సీతాఫలాలు

వికారాబాద్‌లో దిగగానే ముందు వానకొలత చూడడం మా ఆనవాయితీ. అనంతగిరి పోయే దారిలో, ఉద్యోగం నుంచి దిగిపోయిన ఫారెస్టు వాచర్ ఒకాయన పెరట్లో మా వానమాపకం ఉంది. గుట్టల మీద ఇంకా మంచు విడవలేదు. సిటీ నుంచి కార్లేసుకొచ్చిన కుర్రాళ్ళు రోడ్డు పక్కన నూడుల్సు తింటూ ఆ మంచుతో ఫోటోలు దిగుతున్నారు. మా ఇద్దరికీ మంచు పట్టలేదు. ఒకే వానమాపకంలో ఒకే అంకె చూసి, యాదగిరి గారు తన నోట్‌బుక్‌లో, నేను నా నోట్‌బుక్‌లో, ఒకరికొకరు కనబడకుండా రాసుకున్నాం. వాచర్ గారు మమ్మల్ని మార్చి మార్చి చూసి చాయ్ తెస్తానని లోపలికి పోయారు.

తిరిగి టౌన్లోకొచ్చాక సీతాఫలాల గంప ముందు ఆగాను. కృష్ణా జిల్లాలో మా వైపు పండ్లు డజను లెక్కన కొంటాం. ఇక్కడ గంపకు గంపే ఎత్తాలి. "ఎంతమ్మా?" అంటే "రెండునూర్లు" అంది అమ్మే ఆవిడ. నేను నూటఇరవై అన్నాను. ఆవిడ నన్ను చూడలేదు, పండ్లను చూసుకుంది.

"పేర్చింది సూడు మేడం, గప్పుడు బేరం జెయ్యి. మీద వర్స ఇయ్యాల తినాలె. నడిమి వర్స రేపు. అడుగుయి ఎల్లుండికి గాని మెత్తగ గావు. ముందే పిసికితివంటే ఖరాబైతయి."

నొక్కి చూశాను. చెప్పింది చెప్పినట్టే ఉంది. మూడు రోజుల ప్రయాణానికి మూడు వరసలు. బేరం మానేసి రెండు వందలూ ఇచ్చాను. స్టేషన్ బెంచీ మీద కూర్చుని, మాట్లాడకుండానే గంప ఆయనవైపు జరిపాను. ఆయనా మాట్లాడకుండానే నాలుగు తిన్నారు. గింజలు మాత్రం కాగితంలో పొట్లం కట్టి నాకిచ్చారు, వృక్షశాస్త్రం కదా అని కాబోలు. కోపంలో కూడా మర్యాద తప్పని మనిషి. ఒళ్ళు మండింది గానీ పొట్లం సంచిలో వేసుకున్నాను.

తాండూరు: అంతా రాయే

తాండూరులో దిగినవాళ్ళకు ముందు కనబడేది రాయి. మా ఊళ్ళో తాండూరు బండలు వరండాకు వేయించుకుంటే నలుగురూ వచ్చి చూసిపోతారు. ఇక్కడ మేకల కొట్టానికీ అవే, చేను కంచెకూ అవే, చాయ్ కొట్టు బల్లకూ అవే. ఒక ఇంటికి గోడలూ బండలే, కప్పూ బండలే. నేను తెలివిగా ఒక పాలిష్ మిషన్ ముందు పేర్చిన బండల మీద కూర్చున్నాను. లేచేసరికి నా నీలం చీర వెనక సగం తెల్లబడింది. కరణ్‌కోట ఫ్యాక్టరీకి బస్సు కోసం నిలబడ్డ కార్మికుల్లో ఒకాయన చూసి, "ఫికర్ జెయ్యకుండ్రి మేడం, దులిపితే పోతది. మేం దినాం దులుపుతనే ఉన్నం" అని ధైర్యం చెప్పాడు.

పొద్దున టిఫిన్‌కు జొన్నరొట్టె, పప్పు, పచ్చి ఉల్లిపాయ. ఇద్దరికీ కలిపి నూట ఇరవై అయింది. పక్క బల్ల దగ్గర కన్నడం, వెనక బల్ల దగ్గర ఉర్దూ, వంటింట్లోంచి తెలుగు. మా వైపు టిఫినంటే ఇడ్లీ తర్వాతే ఏదైనా. పొద్దున్నే రొట్టె తినడమేమిటని మొదటి ఏడాది మొహం ముడుచుకున్నాను. ఇప్పుడు ఇక్కడి కందిపప్పు కోసమే ముందురోజు రాత్రి తక్కువ తింటున్నాను.

ఆ తర్వాత షేరింగ్ ఆటో ఎక్కాం. యాదగిరి గారు అడిగారనుకుని నేనెక్కాను. నేను అడిగాననుకుని ఆయనెక్కారు. చాలా దూరం పోయాక, పక్కన కూర్చున్న పెద్దామెను ఎక్కడికమ్మా అని అడిగితే, "బొంరాస్‌పేటకు, మా బిడ్డ కాడికి" అంది.

"బాబూ, ఇది పెద్దేముల్ వెళ్ళదా?" అని అరిచాను.

డ్రైవర్ బండి పక్కకు తీసి ఆపాడు. "గిది కొడంగల్ దిక్కు పోయే బండి మేడం. పెద్దేముల్ ఏడ, గిదేడ! ఇద్దరు పెద్దమనుషులు, ఒక్కరన్న అడుగక పోతిరి?"

"ఆలుమొగలు పొద్దుగాల్నే కొట్లాడుకున్నట్టున్నరు. సప్పుడు జెయ్యకుండ కూసున్నరు జూడు" అంది పెద్దామె జాలిగా.

యాదగిరి గారికి దగ్గొచ్చింది. "అయ్యో, ఆలుమొగలం కాదమ్మా. ఒక్క బాయి మీద ఇద్దరం పని జేస్తం, గంతే."

"అయితే ఇంకా కష్టం" అంది పెద్దామె. ఆటో అంతా నవ్వింది. మేము దిగి, ఎదురుగా వచ్చే బండి కోసం ఎండలో నిలబడ్డాం. ఏడాదిలో మొదటిసారి ఆయన నాతో నేరుగా, "చెప్పు తెగింది మేడం మీది" అన్నారు. చూసుకుంటే నిజమే.

పెద్దేముల్: గట్టు పెరిగిందా, నేను కుంగానా

చేను మరియమ్మది. ఏడో తరగతి దాకా చదివింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే బావిలోకి టేపు వదిలి నీళ్ళ లోతు, సాళ్ళ వెంట తిరిగి కంది సంగతి, మేమిచ్చిన నోటుబుక్కులో రాస్తుంది. పన్నెండేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు. నెలకోసారి పైఅంతస్తు పిల్లలు వచ్చి, తామూ ఒకసారి టేపు వదిలి చూసి నీళ్ళ లెక్క, మా పిల్లలు వచ్చి కంది లెక్క తెస్తారు.

"మస్తు దినాలకు ఇద్దరు కల్సి వచ్చిండ్రు" అంటూ చెంబుతో నీళ్ళిచ్చింది. మా వైపైతే గ్లాసూ పళ్ళెం వెతుకుతారు. చెంబెడు నీళ్ళు ఎత్తి పోసుకుంటే ఎండంతా దిగిపోయింది.

యాదగిరి గారు టేపు తీసుకుని బావి దగ్గరికి పోయారు. నేను మామూలుగా అయితే నేరుగా కందిసాళ్ళలోకి పోతాను. బావి వాళ్ళది, చేను మాది. ఎవరూ అలా గీత గీయలేదు గానీ కొన్నేళ్ళకు అలా అయిపోయింది. ఈసారి చెప్పు తెగింది కాబట్టి కూర్చుని దాన్ని పిన్నీసుతో కట్టుకుందామని బావి గట్టు వైపు నడిచాను. మొదటి ఏడాది ఆ గట్టు మీద కూర్చునే అన్నం తిన్నాను. ఇప్పుడు కూర్చోబోతే అందలేదు. ఒకటికి రెండుసార్లు ఎగిరి చూశాను.

"యాదగిరి గారూ, నేనేమన్నా కుంగిపోయానా? ఈ గట్టు నా మోకాళ్ళ దాకా ఉండేది కదండీ!"

ఆయన టేపు పట్టుకునే తిరిగి చూశారు. గట్టు నా నడుము దాటింది. దాని మీద, పన్నెండేళ్ళ కిందట ఆయన తన చేత్తో ఎర్ర రంగు పూసిన బండ ఉంది. ఆ ఎర్ర గుర్తు నుంచే నీళ్ళ లోతు కొలవాలి. అదే వాళ్ళ కొలతకు మొదలు.

"మరియమ్మా, గీ గోడ ఎప్పుడు లేపిండ్రు?"

"మా దూడ పడ్డది గద సార్ బాయిల. రెండేండ్ల కిందట, ఎండకాలం. తీసేటాల్లకు మా పానాలు పోయినంత పనైంది. గందుకే రెండు వర్సల రాయి పెట్టిచ్చినం."

"మరి గీ గుర్తు రాయి?"

మరియమ్మ మొహం వెలిగింది. "ముందుగాల్నే తీసి భద్రంగ దాపెట్టిన. మేస్త్రి దాన్ని పలగ్గొట్టి నడుమల పెడ్తనంటె మీదవడి కొట్లాడిన. గోడ అయినంక మల్ల మీదనే పెట్టిచ్చిన. గీ రాయి ఎప్పటికి మీదనే ఉండాలె, మరువకు అన్నరు గద సార్ మీరు!"

అన్నారు. నా ఎదుటే అన్నారు. నీళ్ళు ఎక్కడికీ పోలేదు, గుర్తే పైకెక్కింది. యాదగిరి గారు బండ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డారు. నేను మాత్రం చెప్పు చేత్తో పట్టుకుని పకపకా నవ్వాను. తప్పే, కానీ ఏడాది కోపం మరి. "చూశారా? నా కంది అబద్ధం చెప్పదు" అన్నాను.

"నేనెన్నడు దగ్గరికొచ్చి చూసిన? పిల్లలే కొలుస్తుండె" అని గొణుక్కున్నారాయన.

కందిసాళ్ళు: నా వంతు

గెలిచిన ఊపులో ఆయన్ని సాళ్ళలోకి తీసుకుపోయాను. పసుపు పూత, కింది కొమ్మలకు లేత కాయ. కళ్ళకు చల్లగా ఉంది. పన్నెండేళ్ళలో ఆయన ఈ సాళ్ళ మధ్యకు రావడం ఇదే మొదలు. ఆయన పూత వైపు చూడలేదు. గొంతుక్కూర్చుని మట్టి తీసి అరచేతిలో నలిపారు. తర్వాత ఒక మొక్క మొదట్లో వేలితో గీకారు. ఇంకో మొక్క, ఇంకో మొక్క. చివరికి పక్క చేనుదాకా పోయి అక్కడా గీకి వచ్చారు.

"మేడం, గీ మొదళ్ళ చుట్టు తెల్లగ పూత కట్టింది చూసిండ్రా?"

చూశాను. ఎన్నోసార్లు చూశాను. ఈ నేల తీరే అంత అనుకున్నాను.

"ఇది వాననీళ్ళు కట్టే పూత కాదు. సున్నపురాయి బాయి నీళ్ళు పోస్తే కట్టే పూత. పక్క చేన్ల లేదు. మీ సాళ్ళల్లనే ఉన్నది."

ఇద్దరం మరియమ్మ వైపు తిరిగాం. ఆవిడ దాచలేదు, తడబడలేదు.

"పోసిన సార్, రెండేండ్ల సంది. ఎండలకు తలకాయలు ఏలాడేస్తుంటె సూడలేక పోయిన. మొదలు ఇత్తనాలేసినప్పుడు మేడమే అన్నది గద, గీ సాళ్ళను సొంత బిడ్డలెక్క సూసుకోవాలె అని. బిడ్డకు దూపైతే బిందెడు నీళ్ళు పొయ్యమా?"

అన్నాను. పన్నెండేళ్ళ కిందట, ఏదో మంచిమాట చెబుతున్నాననుకుని నేనే అన్నాను. నీళ్ళు పెట్టకూడదని కూడా చెప్పాను గానీ, ఆ మాట ఈ మాట కింద పడి నలిగిపోయింది.

ఈసారి యాదగిరి గారు నవ్వాలి. నవ్వితే పడదామని సిద్ధంగా ఉన్నాను. ఆయన నవ్వలేదు. ఇద్దరం చేనుగట్టు మీద కూలబడ్డాం. రెండేళ్ళ బావి లెక్క తప్పు, రెండేళ్ళ కంది లెక్క తప్పు. తేడా తేలింది గానీ, తేలిన తేడాతో హెడ్ల ముందుకు పోతే సంతకాలు పెట్టరు సరికదా, పై అంతస్తూ కింది అంతస్తూ కలిసి మమ్మల్ని చూసి నవ్వుతాయి. ఈ పని పోతే నేను మళ్ళీ ఇంకో పన్నెండేళ్ళ పని మొదలుపెట్టే వయసులో లేను.

మూడో గడి

మరియమ్మ పళ్ళేల్లో జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు పెట్టి తెచ్చింది. మా గోంగూరే అది. కానీ మేం నూనెలో ముంచి తేలుస్తాం, వీళ్ళు పప్పులో కలిపి చల్లగా వదిలేస్తారు. మేం తినకుండా కూర్చోవడం చూసి ఆవిడకు అనుమానమొచ్చింది.

"నేనేమన్న తప్పు జేసిన్నా సార్?"

"లేదమ్మా, నువ్వు చెయ్యలేదు. మాకు తెల్వక పాయె" అన్నారు యాదగిరి గారు.

"తెల్వకుండుడేంది? అన్ని రాసిన గద!"

లోపలికి పోయి నోటుబుక్కులన్నీ ఒళ్ళో వేసుకొచ్చింది. పేజీకి మూడు గడులు. మొదటిది నీళ్ళు. రెండోది కంది. మూడో గడికి పేరు లేదు. ప్రెస్సువాడు రెండు గీతలు కొట్టాడు కాబట్టి మిగిలిన గడి అది. పై అంతస్తు పిల్లలు పేజీ మడిచి మొదటి గడి ఫోటో తీసుకుపోయేవాళ్ళు. మా పిల్లలు ఇటు మడిచి రెండోది. మూడో గడి నిండా మరియమ్మ రాత.

"దూడ బాయిల పడ్డది. బతికింది."

"గోడ లేపినం. టేపుతోని కొలిస్తె అరవై ఐదు సెంటీలు పెరిగింది. సారు రాయి మల్ల మీదనే పెట్టినం."

"కందికి దూపైంది. సాలుకు నాలుగు బిందెలు పోసిన."

"ఇయ్యాల గూడ నాలుగు బిందెలు."

"పక్కోల్లు బోరేసిండ్రు. నీళ్ళు పడలే."

"కర్ణాటక గొర్లోల్లు చేన్ల మంద పెట్టిండ్రు. రెండు రాత్రులు."

చివరిదాని దగ్గర నేను కెవ్వుమన్నాను. ఆరేళ్ళ కిందట ఒక ఏడాది మా కంది ఎందుకు అంత ఏపుగా పెరిగిందో తెలియక, వాన లెక్కలు తిరగేసి తిరగేసి వదిలేశాం. గొర్రెల ఎరువు! ఇక్కడ, ఈ గడిలో, ఆరేళ్ళుగా ఉంది. యాదగిరి గారు అప్పటికే కాగితం తీసి అరవై ఐదు సెంటీమీటర్లు తీసేస్తూ కూర్చున్నారు. ఏ ఆదివారం ఎన్ని బిందెలో ఉంది కాబట్టి నా లెక్కా సరిదిద్దుకోవచ్చు. ఏదీ పోలేదు. సంతోషం పట్టలేక మరియమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నోటితో చెప్పలేదేమ్మా?"

"రాసిన గద మేడం! సదువుకున్నోల్లు, సదువుతరనే అనుకున్న."

తల వంచుకుని రొట్టె తిన్నాం. ఆకలి మీద నేను మూడు తిన్నాను.

తిరుగు రైలు, పై అంతస్తు

మర్నాడు మరియమ్మ నోటుబుక్కులు ఒళ్ళో పెట్టుకుని, రైల్లో ఇద్దరం పక్కపక్కన కూర్చుని హెడ్లకు ఉత్తరం రాశాం. ఒకే ఉత్తరం. యాదగిరి గారు ఇంగ్లిషులో గంభీరంగా చెప్పుకుపోతున్నారు, ఎక్కడా నమోదు కాని కారణాల వల్ల కొలతలు దారి తప్పాయి అని. "నమోదు కాలేదా?" అన్నాను. ఆయన పెన్ను ఆపి, ఆ ముక్క కొట్టేసి, "నమోదయ్యాయి, మేము చదవలేదు" అని రాశారు. ఇద్దరం సంతకాలు పెట్టాం. గంపలో అడుగు వరస పండ్లు ఆవిడ చెప్పినట్టే ఆ సాయంత్రానికి మెత్తబడ్డాయి.

సోమవారం పై అంతస్తులో ఇద్దరు హెడ్ల ముందూ కూర్చున్నాం. ఐదేళ్ళ కాగితం మీద సంతకాలు ఆ రోజే అయ్యాయి. కానీ దానికి ముందు, ఆ మూడో గడి ఏమిటో చదవండి వింటాం అన్నారు. నేను చదవడం మొదలుపెట్టాను. నా కృష్ణాజిల్లా నోటికి ఆ మాటలు తిరగక "బావిలో" అంటే, యాదగిరి గారు "బాయిల" అని సరిదిద్దుతున్నారు. అప్పటిదాకా గడియారం చూసుకుంటున్న భూగర్భశాస్త్రం హెడ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. చాయ్ వచ్చి చల్లారిపోయింది. దూడ దగ్గర నవ్వారు, బిందెల దగ్గర ఎవరూ నవ్వలేదు.

పోయిన ఏడాది, మేమిద్దరం ఒకేరోజు చేనుకు వెళ్ళిన ఆదివారం పేజీ వచ్చింది. ఆ పేజీని నేను రైల్లోనే చూశాను, ఎవరికీ చెప్పలేదు. చప్పున తర్వాతి పేజీకి తిప్పబోయాను. యాదగిరి గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయనా చూశారని నాకు అప్పుడే తెలిసింది.

"ఎందుకు తిప్పుతున్నరు మేడం? అది గూడ డేటానే. చదువుండ్రి."

చదివాను.

"సారు చెట్టుకింద నిలవడ్డడు. మేడం చేన్ల ఉన్నది. ఇద్దరు మాట్లాడుకోలే. అన్నం వండితే ఒక్కరు తినలే. నీళ్ళు మంచిగనే ఉన్నయి. కంది గూడ మంచిగనే ఉన్నది."